రైలు వేగంతో తిరిగే చందమామలు

మొన్న ఎనిమిదో తరగతిలో తెలుగు పీరియడ్ మొదలుపెడుతుండగా ఒక అబ్బాయి లేచి నిలబడ్డాడు. అంతకుముందు పీరియడ్‌లో సైన్సు మేడమ్ సౌరకుటుంబం పాఠం చెప్పి వెళ్ళారు. ఆవిడ బోర్డు మీద రాసిన పేర్లు ఇంకా చెరపలేదు. కెప్లర్, గెలీలియో, పియాజీ, గాస్.

"మేడమ్, వీటిలో మన వైపు పేరు ఒక్కటి కూడా లేదేం?" అన్నాడు.

"మన వైపు" అంటే ఏ వైపు అని అడగబోయి ఆగిపోయాను. ఆ అబ్బాయి పుట్టింది ఖరగ్‌పూర్‌లోనే. బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ మాట్లాడతాడు. వాళ్ళ ముత్తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చారట. తాతయ్య రైల్వేలోనే రిటైరయ్యారు. ఈ రైల్వే ఊళ్ళో తెలుగు ఇళ్ళన్నిటికీ ఇంచుమించు ఇదే కథ. నా సంగతి చెప్పాలంటే, ఉద్యోగంలో చేరాక ఇది నాకు ఐదో ఊరు. "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే నేనూ ఒక క్షణం ఆలోచిస్తాను. అందుకే ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేకపోయాను. "రేపు చెబుతాను, కూర్చో నాయనా" అన్నాను.

మర్నాడు చెప్పడం మొదలుపెడితే మూడు పీరియడ్లు పట్టింది. ఆ మూడు పీరియడ్ల మాటలే ఈ వ్యాసం.

మద్రాసులో ఒక రాతి స్తంభం

చెన్నైలోని నుంగంబాక్కంలో వాతావరణ శాఖ ఆవరణలో ఒక పాత రాతి స్తంభం ఉంది. 1792లో ఈస్టిండియా కంపెనీ అక్కడ ఒక వేధశాల కట్టించింది. నక్షత్రాలను గమనించే పరికరాన్ని కదలకుండా నిలబెట్టడానికి వేసిన స్తంభం అది. వేధశాల కట్టిన సంగతిని దాని మీద ఇతర భాషలతో పాటు తెలుగులోనూ చెక్కించారు. కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు రాజధానిలో భాగమైన కాలంలో అది మన వేధశాల కూడా.

1861 ఫిబ్రవరిలో ఆ వేధశాల బాధ్యత తీసుకోవడానికి ఇంగ్లండు నుంచి నార్మన్ రాబర్ట్ పాగ్సన్ వచ్చారు. వచ్చిన రెండు నెలలకే, ఏప్రిల్ 17న, ఆయన ఒక కొత్త గ్రహశకలాన్ని పట్టుకున్నారు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొట్టమొదటి గ్రహశకలం అదే. అందుకే దానికి "ఆసియా" అన్న పేరు పెట్టారు. గ్రహశకలాల జాబితాలో దాని సంఖ్య 67. ఆ తర్వాత 1864లో సాఫో, 1866లో సిల్వియా, 1868లో కమిలా, 1885లో వేరా. మొత్తం ఐదింటిని ఆయన మద్రాసు ఆకాశంలోనే కనిపెట్టారు.

ఈ ఐదింటిలో సిల్వియా కథ నాకు బాగా నచ్చింది. దాని సంఖ్య 87. కనిపెట్టిన రోజు 1866 మే 16. మే నెల మద్రాసు ఎండ ఎలా ఉంటుందో మనవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పగలంతా ఆ ఉక్క భరించి రాత్రి దూరదర్శిని దగ్గర కూర్చోవాలి. అప్పటికి గ్రహశకలాలను ఫొటో తీసి వెతికే పద్ధతి రాలేదు. అది వచ్చింది 1891లో. అంతవరకు అంతా కంటితో చూడటమే.

కంటితో చూస్తే గ్రహశకలానికీ నక్షత్రానికీ తేడా ఏమీ ఉండదు. రెండూ చిన్న వెలుగు చుక్కలే. మరి ఎలా పట్టుకుంటారు? ముందు ఆకాశంలో ఒక చిన్న భాగం తీసుకుని అక్కడున్న నక్షత్రాలన్నిటినీ పటంలో గుర్తించుకోవాలి. మరో రాత్రి మళ్ళీ అదే చోట చూడాలి. పటంలో లేని చుక్క కనిపిస్తే ఆగాలి. అది మర్నాటికి పక్కకు జరిగిందా? జరిగితే నక్షత్రం కాదు, సూర్యుడి చుట్టూ తిరిగే మన ఇంటి మనిషే. నక్షత్రాలు ఒకదానికొకటి జరగనట్టే కనిపిస్తాయి. గ్రహశకలం జరుగుతుంది. దాన్ని పట్టిచ్చేది ఆ కదలికే.

ఇక్కడ ఆ అబ్బాయి మళ్ళీ చెయ్యెత్తాడు. "పాగ్సన్ కూడా ఇంగ్లీషాయనే కదా మేడమ్?"

అవును. దాచడం ఎందుకు? కనిపెట్టినవారి పేరు దగ్గర ఉన్నది ఆయన పేరే. కానీ ఆ వేధశాలలో పని చేసినవారు ఆయన ఒక్కరే కాదు. చింతామణి రఘునాథాచారి అనే ఆయన చిన్న వయసులోనే అక్కడ చేరి, మొదటి సహాయకుడి స్థాయికి ఎదిగారు. వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని 1867లో ఆయన కనిపెట్టారు. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యులయ్యారు. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగానే వెళ్ళింది. అప్పుడు పాగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు బిగించారు. రఘునాథాచారి మరో బృందంతో వనపర్తి వెళ్ళారు. గుంటూరులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ ఉన్నారు. పాఠ్యపుస్తకంలో కనిపించనంత మాత్రాన మన ఊళ్ళు ఈ కథలో లేవని కాదు.

ప్లాట్‌ఫారం మీద సౌరకుటుంబం

ఇక సిల్వియా దగ్గరకు వద్దాం. అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్య లక్షల సంఖ్యలో రాతి ముక్కలు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. వాటినే గ్రహశకలాలు అంటాం. ఆ ప్రాంతాన్ని గ్రహశకలాల పట్టీ అంటాం. మొదటిదాన్ని 1801 జనవరి 1న ఇటలీలో పియాజీ చూశారు. దాని పేరు సెరెస్. ఇప్పటికి కనిపెట్టినవి పది లక్షలు దాటాయి.

దూరాలు కోట్ల కిలోమీటర్లలో చెబితే పిల్లల కళ్ళు మూతలు పడతాయి. అందుకే మన ఖరగ్‌పూర్ స్టేషన్‌కు వెళ్దాం అన్నాను. మన ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లకు పైగా. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది ఇదే. తర్వాత గోరఖ్‌పూర్, హుబ్బళ్ళి దీన్ని దాటేశాయి.

ప్లాట్‌ఫారం ఒక చివర సూర్యుణ్ణి పెడదాం. రెండో చివర సిల్వియాను పెడదాం. ఈ లెక్కలో సూర్యుడు దాదాపు మూడు మీటర్ల వెడల్పున్న గోళం, అంటే ఇద్దరు పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డంత ఎత్తు. అక్కడి నుంచి సుమారు 308 మీటర్లు నడిస్తే భూమి. అది ఒక ఉసిరికాయంత. 470 మీటర్ల దగ్గర అంగారకుడు, కుంకుడు గింజంత. ఇంకా నడుస్తూ ప్లాట్‌ఫారం రెండో చివరికి చేరితే సిల్వియా. దాని పరిమాణం అర మిల్లీమీటరు. ఉప్మాలో వేసే బొంబాయి రవ్వ పలుకు! గురుగ్రహం ఈ ప్లాట్‌ఫారం మీద పట్టదు. స్టేషన్ దాటి ఇంకో అర కిలోమీటరు పట్టాల వెంట పోవాలి. అది ఫుట్‌బాల్ కన్నా కొంచెం పెద్దది.

"మరి సినిమాల్లో రాళ్ళన్నీ గుంపుగా ఉంటాయి కదా మేడమ్, రాకెట్ తప్పించుకుంటూ వెళ్తుంది?" అని వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది. నిజానికి అక్కడంతా ఖాళీయే. రవ్వ పలుకులు కూడా ఒకదానికొకటి చాలా దూరంలో ఉంటాయి. 1970లలో పయొనీర్ 10 నౌక మొదటిసారి ఆ పట్టీని దాటింది. తర్వాత ఎన్నో నౌకలు వెళ్ళాయి. ఏ ఒక్కటీ ఏ గ్రహశకలానికీ గుద్దుకుని పాడవలేదు.

సిల్వియా ఎన్నేళ్ళకు ఒక చుట్టు తిరుగుతుంది? దీన్ని బోర్డు మీద మేమే లెక్క కట్టాం. సూర్యుడి నుంచి భూమి దూరాన్ని 1 అనుకుంటే సిల్వియా సగటు దూరం 3.48. కెప్లర్ చెప్పిన మూడో సూత్రం చాలా సులువు. దూరాన్ని దానితోనే రెండుసార్లు గుణించాలి. వచ్చినదానికి వర్గమూలం కట్టాలి. అంతే, అదే ఏళ్ళ లెక్క. 3.48ని 3.48తో గుణిస్తే 12.11. మళ్ళీ 3.48తో గుణిస్తే 42.14. దాని వర్గమూలం సుమారు 6.5. సిల్వియా సంవత్సరం మన ఆరున్నర సంవత్సరాలు. 1866లో పాగ్సన్ చూసినప్పటి నుంచి అది సూర్యుడి చుట్టూ ఇరవై నాలుగు చుట్లు పూర్తి చేసింది.

దాని కక్ష్య పూర్తి గుండ్రన కాదు, కొంచెం సాగినట్టుంటుంది. సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు దూరం సుమారు 3.2, దూరంగా పోయినప్పుడు 3.8. భూమి తిరిగే తలానికి సుమారు 11 డిగ్రీలు వాలి ఉంటుంది. సగటు వేగం సెకనుకు 16 కిలోమీటర్లు. ఆ వేగంతో వెళితే మన స్టేషన్ నుంచి హౌరాకు ఏడు సెకన్లు. విశాఖపట్నానికి ఒక్క నిమిషం కూడా పట్టదు. పండక్కి టికెట్ దొరకక వెయిటింగ్ లిస్టు చూసుకునే మా అందరికీ ఈ లెక్క తెగ నచ్చింది.

సిల్వియా ఉన్న చోటు కూడా ప్రత్యేకమే. అది గ్రహశకలాల పట్టీకి బయటి అంచు. ఆ అంచుకు కాస్త లోపల, దూరం 3.27 దగ్గర, గ్రహశకలాలు చాలా తక్కువ. ఎందుకంటే అక్కడున్న రాయి రెండు చుట్లు తిరిగేసరికి గురుడు సరిగ్గా ఒక చుట్టు తిరుగుతాడు. అంటే మళ్ళీ మళ్ళీ కక్ష్యలో అదే చోట గురుడి లాగుడు తగులుతుంది. ఉయ్యాలను సరైన సమయంలో ప్రతిసారీ కొంచెం కొంచెం తోస్తే ఏమవుతుంది? ఊపు పెరిగిపోతుంది. ఆ రాళ్ళ గతి కూడా అంతే. కక్ష్య సాగి సాగి అవి చెదిరిపోయాయి. ఇలాంటి ఖాళీలను సిల్వియా దొరికిన కాలంలోనే అమెరికాలో డేనియల్ కిర్క్‌వుడ్ గుర్తించారు. సిల్వియా ఆ ఖాళీకి అవతల ఉంది కాబట్టి నిలిచింది.

బొగ్గు ముక్కలా నల్లన, దుంపలా పొడవు

నక్షత్రాల వెలుగుకు మనం వేసే మార్కులను ప్రకాశ పరిమాణం అంటారు. ఇక్కడ మార్కులు ఎక్కువైతే వెలుగు తక్కువ. ఐదు మార్కుల తేడా ఉంటే వెలుగులో సరిగ్గా నూరు రెట్ల తేడా. ఈ కొలతను 1856లో ప్రతిపాదించింది ఎవరో కాదు, మన పాగ్సనే. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ కొలతే వాడుతోంది. మామూలు కంటికి ఆరో పరిమాణం వరకు కనిపిస్తుంది. సిల్వియా బాగా వెలిగినప్పుడు కూడా దాదాపు పన్నెండో పరిమాణం. అంటే మన కంటికి ఆనే అతి మసక నక్షత్రం కన్నా అది సుమారు రెండు వందల రెట్లు మసక.

అంత పెద్దదై ఉండి ఎందుకంత మసక? దూరం ఒక కారణం. రంగు రెండో కారణం. తన మీద పడిన ఎండలో నూటికి నాలుగైదు వంతులే అది వెనక్కి పంపుతుంది. మిగిలినదంతా మింగేస్తుంది. పాత ఆవిరి ఇంజన్ల ఫొటోల్లో టెండర్ నిండా ఉన్న బొగ్గు చూశారు కదా, ఇంచుమించు ఆ రంగు.

దాని వెలుగు నిలకడగా ఉండదు. పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. దీన్నిబట్టి శాస్త్రవేత్తలు రెండు సంగతులు పట్టారు. ఒకటి, అది బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతోంది. రెండు, అది గుండ్రంగా లేదు. ఒక బంగాళాదుంపకు పుల్ల గుచ్చి దీపం ముందు తిప్పి చూడండి. నిలువు పక్క మీవైపు వచ్చినప్పుడు ఎక్కువ వెలుగు, మొన వచ్చినప్పుడు తక్కువ వెలుగు కనిపిస్తాయి. ఒక చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. సిల్వియా ఒక చుట్టు తిరగడానికి 5 గంటల 11 నిమిషాలు పడుతుంది. అంటే దాని రోజు మన బడి సమయం కన్నా చిన్నది!

దాని పొడవు సుమారు 360 కిలోమీటర్లు, వెడల్పు 250, మందం 190. సగటున 270 కిలోమీటర్ల వ్యాసం అనుకోవచ్చు. ఒక కొస మన ఖరగ్‌పూర్‌లో పెడితే రెండో కొస భువనేశ్వర్ మీదుగా ఖుర్దా రోడ్డు దాటుతుంది. గ్రహశకలాలన్నిటిలో అతి పెద్దవాటిలో ఇదొకటి.

నూట ముప్ఫై ఐదేళ్ళ తర్వాత

పాగ్సన్ 1891లో మద్రాసులోనే కన్నుమూశారు. ఆయనకు సిల్వియా చివరిదాకా ఒక చుక్కే. అది ఎంత బరువో, లోపల ఏముందో తెలుసుకునే దారి అప్పుడు లేదు.

2001 ఫిబ్రవరిలో హవాయి దీవుల్లోని కెక్ దూరదర్శినితో మైకేల్ బ్రౌన్, జాన్ లూక్ మార్గో అనే శాస్త్రవేత్తలు సిల్వియాను చూశారు. దాని దర్పణం వెడల్పు పది మీటర్లు. గాలి కదలడం వల్ల నక్షత్రాలు మిణుకుమంటాయి కదా, ఆ మిణుకును సరిచేయడానికి ఒక చిన్న అద్దం ఆకారాన్ని సెకనుకు వందలసార్లు మార్చే ఏర్పాటు అందులో ఉంది. ఆ చిత్రంలో సిల్వియా పక్కన ఇంకో చిన్న చుక్క కనిపించింది. అది సిల్వియా చుట్టూ తిరుగుతోంది. గ్రహశకలానికి ఒక చందమామ!

2004లో చిలీ దేశంలోని పెద్ద దూరదర్శినితో ఫ్రాన్క్ మార్షి బృందం మళ్ళీ మళ్ళీ చూసింది. ఇంకా లోపల రెండో చందమామ ఉంది. 2005 ఆగస్టులో ఈ సంగతి ప్రకటించారు. రెండు చందమామలున్న గ్రహశకలం లోకానికి తెలియడం అదే మొదటిసారి.

పేర్ల కథ కూడా వినాలి. రోమ్ నగరాన్ని స్థాపించారని చెప్పే కవల సోదరులు రోములస్, రీమస్. వారి తల్లి రియా సిల్వియా. తల్లికి దూరమైన ఆ పసివాళ్ళకు తోడేలు పాలిచ్చిందని రోమన్ల పురాణం. మనకు వెంటనే అడవిలో పెరిగిన లవకుశులు గుర్తుకొస్తారు. పాగ్సన్ 1866లో తల్లి పేరు పెట్టారు. నూట ముప్ఫై ఐదేళ్ళు దాటాక పిల్లలిద్దరూ వచ్చి తల్లిని చేరారు. బయటి చందమామకు రోములస్ అని, లోపలిదానికి రీమస్ అని పేర్లు పెట్టారు.

చందమామతో తూకం

మూడో రోజు పాఠం ఇక్కడే మొదలైంది. బోర్డు మీద నేను రెండే అంకెలు రాశాను. రోములస్ తన తల్లి కేంద్రం నుంచి 1,360 కిలోమీటర్ల దూరంలో తిరుగుతుంది. ఒక చుట్టుకు 87.6 గంటలు పడుతుంది. "దీని వేగం గంటకు ఎంత?" అన్నాను.

ప్రశ్న మొదలుపెట్టిన అబ్బాయే బోర్డు దగ్గరకు వచ్చాడు. వృత్తం చుట్టుకొలత 2 × 3.14 × 1,360. వచ్చింది 8,541 కిలోమీటర్లు. దాన్ని 87.6తో భాగించాడు. 97.5 వచ్చింది. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మేడమ్, తప్పు చేశానా? ఇది మన ఎక్స్‌ప్రెస్ బండి స్పీడు కదా!"

తప్పేమీ లేదు. అది గంటకు 97 కిలోమీటర్లే. రీమస్ సుమారు 706 కిలోమీటర్ల దూరంలో ఉండి 33 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది. అది కూడా లెక్క కట్టాం. గంటకు 134 కిలోమీటర్లు. రాజధాని ఎక్స్‌ప్రెస్ మంచి ఊపులో ఉన్నప్పటి వేగం. మన చందమామ అయితే భూమి చుట్టూ గంటకు 3,680 కిలోమీటర్లకు పైగా పరిగెత్తుతుంది. ఆకాశంలో వస్తువులన్నీ ఊహకందని వేగంతో పోతాయనుకున్న పిల్లలకు, మన పట్టాల మీది బండితో సమానంగా సాగే చందమామలు కూడా ఉన్నాయని ఆ రోజు తెలిసింది.

ఎందుకంత నెమ్మది? తాడుకు రాయి కట్టి తిప్పండి. వేగంగా తిప్పితే తాడును గట్టిగా పట్టుకోవాలి. నెమ్మదిగా తిప్పితే మెల్లగా పట్టుకున్నా చాలు. ఇక్కడ తాడు సిల్వియా ఆకర్షణ. చందమామ నెమ్మదిగా తిరుగుతూ కూడా అక్కడే ఉందంటే తల్లి పట్టు అంతే ఉందన్నమాట. ఆ పట్టు ఎంతో తెలిస్తే తల్లి ద్రవ్యరాశి తెలిసినట్టే. త్రాసు లేకుండా, కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండను తూచే పద్ధతి ఇది. ఒక చందమామ దూరం, దాని చుట్టుకు పట్టే కాలం, ఈ రెండూ చాలు.

అలా తూచితే సిల్వియా ద్రవ్యరాశి సుమారు 15 పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టినన్ని కిలోలు. వినడానికి చాలా పెద్దది. కానీ మన చందమామలో అది ఐదు వేలో వంతే. ఇక్కడ 40 కిలోలు తూగే పిల్లవాడు అక్కడ నిలబడితే స్ప్రింగు త్రాసు మీద పావు కిలో కూడా తూగడు.

కంకర బకెట్

ఇప్పుడు అసలు ఆశ్చర్యం. పరిమాణం తెలుసు, ద్రవ్యరాశి తెలుసు. ఒకదాన్ని ఒకదానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. నీటి సాంద్రత 1 అనుకుంటే మామూలు రాయి సాంద్రత 2.6 చుట్టుపక్కల ఉంటుంది. సిల్వియా సాంద్రత ఎంత వచ్చిందో తెలుసా? 1.2 నుంచి 1.4 మధ్య. నీళ్ళ కన్నా కాస్తే ఎక్కువ, రాయిలో సగం! 360 కిలోమీటర్ల రాతి కొండ రాయంత బరువు లేదంటే అర్థమేమిటి?

దీనికి జవాబు కోసం ఒక పది లీటర్ల బకెట్ తెప్పించాను. బడి దగ్గర గోడ కడుతున్న చోటి నుంచి కంకర తెచ్చి అంచు దాకా నింపాం. (పట్టాల మీది కంకర మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. అది నేరం, ప్రమాదం కూడా.) "బకెట్ నిండిందా?" అన్నాను. "నిండింది" అన్నారందరూ. అప్పుడు లీటరు మగ్గుతో నీళ్ళు పోయించాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు లీటర్లు పోసినా పొర్లలేదు. నిండిందనుకున్న బకెట్‌లో రాయి ఉన్నది ఆరు లీటర్లే. మిగిలినది ఖాళీ. రాయి సాంద్రత 2.6 అయినా, ఖాళీలతో కలిపి చూస్తే ఆ కుప్ప సాంద్రత 1.6 దగ్గరకు దిగిపోయింది.

సిల్వియా లోపల కూడా ఇలా ఖాళీలు ఉండి తీరాలి. రాళ్ళతో పాటు కొంత మంచు కూడా ఉండి ఉండవచ్చు. శాస్త్రవేత్తల ఊహ ఇది. ఎప్పుడో ఒక పెద్ద గ్రహశకలానికి మరొకటి గుద్దుకుంది. అది ముక్కలు ముక్కలైంది. ఆ ముక్కలు విశ్వంలోకి పారిపోకుండా ఒకదాని ఆకర్షణకు మరొకటి లోబడి మళ్ళీ దగ్గరకు చేరాయి. చేరాయే కానీ అతుక్కుని ఒకే బండ కాలేదు. కుప్పగా ఉండిపోయాయి. తిరిగి చేరకుండా చుట్టూ మిగిలిన ముక్కలే రోములస్, రీమస్ కావచ్చు. రోములస్ వెడల్పు సుమారు 18 కిలోమీటర్లు, రీమస్ సుమారు 7.

ఇంకో తమాషా ఉంది. 1868లో మద్రాసులోనే దొరికిన కమిలాకు కూడా రెండు చందమామలున్నాయి. ఒకటి 2001లో, మరొకటి 2016లో బయటపడ్డాయి. పాగ్సన్ మద్రాసులో చూసిన ఐదు చుక్కల్లో రెండు ఇలా ముగ్గురేసి ఉన్న సంసారాలని తేలింది.

మిగిలిన మాట

1885లో వేరా తర్వాత మన దేశం నుంచి మరో గ్రహశకలం దొరకడానికి నూరేళ్ళు దాటింది. 1988 ఫిబ్రవరి 17న తమిళనాడులోని కావలూరు వేధశాల నుంచి ఆర్. రాజమోహన్ ఒకదాన్ని కనిపెట్టారు. దానికి గణిత శాస్త్రవేత్త రామానుజన్ పేరు పెట్టారు. కావలూరు వేధశాల పేరులో ఉన్న వైను బప్పు పేరున కూడా ఒక గ్రహశకలం ఉంది. వైను బప్పు తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పని చేశారు. ఆ కుర్రవాడు ఆకాశం చూడటం నేర్చుకున్నది అక్కడే.

ఇప్పుడు బడి పిల్లలు కూడా ఈ పనిలో పాలు పంచుకోవచ్చు. హవాయిలోని దూరదర్శిని తీసిన చిత్రాలను అంతర్జాతీయ కార్యక్రమం ద్వారా పాఠశాలలకు పంపుతున్నారు. ఒకే చోట కొద్ది నిమిషాల తేడాతో తీసిన నాలుగు చిత్రాలను కంప్యూటర్‌లో వరసగా చూసి, జరిగిన చుక్కను పట్టుకోవాలి. పాగ్సన్ మద్రాసు మే నెల రాత్రుల్లో చేసిన పనే ఇది. ఉక్క మాత్రం ఉండదు. మన సైన్సు మేడమ్ వచ్చే సంవత్సరం మన బడి పేరు నమోదు చేయిస్తానన్నారు.

ఇక ఆ అబ్బాయి ప్రశ్నకు నా జవాబు. మన వైపు పేర్లు జాబితాలో తక్కువే. లేనివి ఉన్నాయని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టడం నాకిష్టం లేదు. కానీ ఆ వేధశాల స్తంభం మీద మన అక్షరాలున్నాయి. ఆ గ్రహణం చూసింది మన ఊళ్ళలో. ఆ చుక్క దొరికింది మనం చూసే ఆకాశంలో. దాని వేగం లెక్క కట్టింది ఖరగ్‌పూర్‌లో ఒక తెలుగు పీరియడ్‌లో, ఎనిమిదో తరగతి పిల్లవాడు, తెలుగులో అంకెలు పైకి చెప్పుకుంటూ.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి వాడు వాళ్ళ తాతయ్యకు చెప్పాడట. ఆకాశంలో ఒక నల్ల కొండ చుట్టూ రెండు చందమామలు తిరుగుతున్నాయని, ఒకటి ఎక్స్‌ప్రెస్, ఒకటి రాజధాని అని. ముప్ఫై ఏళ్ళు గార్డుగా పని చేసిన ఆ తాతయ్య కాసేపు ఆలోచించి, "మరి రెండింటికీ సిగ్నల్ ఇచ్చేదెవర్రా?" అని అడిగారట. వాడు తడుముకోకుండా చెప్పిన జవాబు: "వాళ్ళమ్మ, తాతయ్యా."